అమెరికాలో సొంతంగా విమానం కట్టేవారికి ‘51 శాతం నియమం’ అంటే ఏమిటి?

విమానం నిర్మాణ పనిలో సగానికి మించి, నేర్చుకోవడానికో సరదాకో పూనుకున్నవారే చేసి ఉండాలన్నదే ఆ నియమం. ఈ తరగతి విమానాలకు కర్మాగార విమానాలకు ఉండే డిజైను ధ్రువీకరణ అక్కర్లేదు. ఆ వెసులుబాటును వ్యాపారులు వాడుకోకుండా వేసిన అడ్డుకట్ట ఇది, సబబైనదే. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ లెక్కపెట్టేది పనులనే, బరువునో ఖర్చునో కాదు. అందుకే ఇంజను, ప్రొపెల్లరు, చక్రాలు నిక్షేపంగా కొనుక్కోవచ్చు. ఉదాహరణకు వాన్స్ కంపెనీ ఆర్‌వి-7 విమానానికి అమ్మే క్విక్‌బిల్డ్ కిట్‌లో, అంటే కొంత పని ముందే చేసి ఇచ్చే విడిభాగాల సెట్టులో, రెక్కలు, విమాన దేహం చాలావరకు బిగించే వస్తాయి. అయినా మిగిలిన పని నియమానికి సరిపోతుంది.

యజమాని ఒక్కడే అంతా కట్టాలన్నది అపోహ. మిత్రులు కలిసి కట్టవచ్చు, ఒకరు సగంలో వదిలేసినదాన్ని మరొకరు పూర్తి చేయవచ్చు. డబ్బిచ్చి చేయించిన పని మాత్రం ఆ 51లోకి రాదు.