ఆర్గానిక్ మానేస్తే పిల్లలకు అన్యాయం చేసినట్టా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: విశాఖ ఎంవీపీ కాలనీలో ఉంటున్నారు, ఇద్దరు పిల్లలు, ఇంట్లో అత్తమామలు. బియ్యం నుంచి బిస్కెట్ల దాకా అన్నీ ఆర్గానిక్‌కి మార్చాక సరుకుల బిల్లు దాదాపు రెట్టింపైంది. మానేద్దామంటే పిల్లల గురించి టెన్షన్. ఆ ముద్ర చూడకుండా మంచి తిండి ఎలా ఎంచుకోవాలి?

చాలావరకు మానేయొచ్చండి. గోపాలపట్నంలో మాదీ మీలాంటి ఇల్లే, సరుకులన్నీ నా చేతి మీదుగానే వస్తాయి. నాకు తెలిసింది చెబుతాను.

ముందు ఆ ముద్ర సంగతి. ప్యాకెట్ మీద జైవిక్ భారత్ గుర్తు ఉంటే, ఆ పంటకి రసాయన ఎరువులు, పురుగుమందులు వాడలేదని ఎవరో తనిఖీ చేసి ధ్రువపత్రం ఇచ్చారని అర్థం. అంతవరకు దానికి విలువుంది, కాదనను. షాపు ముందు ఆకుపచ్చ బోర్డు మీద "ఆర్గానిక్", "నేచురల్" అని రాసి, లోపల గోనెసంచిలోంచి విడిగా తూచి ఇస్తే మాత్రం దాని వెనక ఏ తనిఖీ ఉందో అడగాల్సిందే. ఇంకో సంగతి, చిన్న రైతు నేరుగా మనకి అమ్మితే ఆ ధ్రువపత్రం అక్కర్లేదని 2017 నాటి నిబంధనల్లోనే ఉంది. అంటే ముద్ర లేనివాడల్లా మోసగాడు కాదు. పాడేరు, అరకు కొండల మీద మందుల మొహం పెద్దగా చూడని పొలాలు చాలా ఉన్నాయి, వాళ్లలో ఎంతమంది దగ్గర కాగితాలుంటాయి?

కానీ పంట ఎలా పండిందో చెప్పే ముద్ర, దాంట్లో చక్కెర ఎంతుందో, అది ఎన్నాళ్లు గోడౌన్లో ఉందో, మన కంచంలో ఎంత పడుతోందో చెప్పదు. మా మామగారికి షుగర్. "ఆర్గానిక్ సోనామసూరి కదమ్మా" అని రెండోసారి అన్నం పెట్టించుకునేవారు. గ్లూకోమీటర్‌కి బియ్యం బస్తా మీద ముద్ర కనిపించదు కదా! బెల్లం విషయంలోనూ ఇదే గొడవ. అనకాపల్లి నల్లబెల్లం మంచిదే, తెల్లగా మెరిసే బెల్లానికి హైడ్రోస్ అనే రసాయనం కలిపి రంగు తెప్పిస్తారు కాబట్టి నేనూ నల్లదే కొంటాను. అయినా షుగర్ ఉన్నవాళ్లకి నల్లబెల్లమైనా తెల్లబెల్లమైనా తేడా పెద్దగా లేదు.

నా లెక్కలో అసలు నష్టం ఇంకోచోట ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం, రోజుకి 2000 కేలరీలు తినే మనిషికి బియ్యం, గోధుమల్లాంటి తృణధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు. మన ఇళ్లలో బియ్యం అంతకు మించి ఉడుకుతుంది, కూర గరిటెడు. నలుగురు పెద్దలే అనుకున్నా రోజుకి కిలోన్నర పైన కూరగాయలు కావాలి. ఆర్గానిక్ ధరలో కిలోన్నర అంటే మన వల్ల కాదు, అందుకే పావుకిలో బెండకాయలు తెచ్చి అందరికీ సర్దేస్తాం. డబ్బు ఎక్కువైంది, కంచంలో కూర తగ్గింది. మీ బిల్లు చూసుకోండి, కూరగాయల వాటా ఎంతుందో.

మా ఇంట్లో ఆ డబ్బు రైతుబజారుకి మళ్లించాం. ఎంవీపీ కాలనీలోదే మీకు పక్కనే, నాకైతే గోపాలపట్నంలోది. అక్కడ అమ్మేవాళ్లు మందులు కొట్టరని కాదు, శుభ్రంగా కొడతారు. కాబట్టి ఏ కాయకి ఎక్కువ కొడతారో తెలుసుకుని కొంటే చాలు. మందు కొట్టాక కొన్ని రోజులు ఆగి కోయాలని డబ్బా మీదే ఉంటుంది. బెండ రెండు మూడు రోజులకోసారి, వంగ, పచ్చిమిర్చి లాంటివి కొన్ని రోజులకోసారి కోస్తూనే ఉండాలి, లేకపోతే ముదిరిపోతాయి, పండిపోతాయి. ఇక ఆగేదెక్కడ? కంద, చేమ, చిలగడదుంప భూమిలో పెరుగుతాయి, పైగా తొక్క తీసి వండుతాం. గుమ్మడి, ఆనపకాయలకి కూడా తొక్క తీస్తాం. ములక్కాడ, అరటికాయ సరేసరి. వారంలో ఎక్కువ రోజులు ఇవే వండి, వంకాయ, బెండకాయ అప్పుడప్పుడు పెట్టుకుంటే భయం సగం తగ్గుతుంది. సీజన్లో కాసినవే కొనండి, కాలం కాని కాలంలో పండించాలంటే మందు ఎక్కువ పడుతుంది.

ఉప్పునీళ్లలో నానబెట్టి, కుళాయి కింద రుద్ది కడిగితే పైపైన అంటినది కొంత పోతుంది. మొక్క లోపలికి పీల్చుకునే మందులు మాత్రం ఎంత కడిగినా పోవు. ఆర్గానిక్ ఆకుకూర అయితే కడగక్కర్లేదనుకునే వాళ్లని చూశాను, అది ఇంకా ప్రమాదం. పశువుల ఎరువుతో పెరిగిన ఆకు మీద సూక్ష్మక్రిములు ఉండొచ్చు, మూడు నాలుగు నీళ్లు మార్చి కడగాల్సిందే.

ప్యాకెట్ల దగ్గరికొస్తే, ముందువైపు చూడడం మానేసి వెనక్కి తిప్పండి. పదార్థాలని బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకి రాయాలన్నది రూలు. రాగి బిస్కెట్లనే చూడండి, పైన చోడి, అంటే రాగి కంకి బొమ్మ, వెనక మొదట గోధుమపిండి, రెండోది చక్కెర, మూడోది పామాయిల్, ఆ తర్వాతెప్పుడో రాగిపిండి. ఆర్గానిక్ రకంలో అదే వరుస, ప్రతిదాని ముందు "ఆర్గానిక్" అని తగిలిస్తారు, అంతే. వంద గ్రాముల్లో చక్కెర 25 గ్రాములుందంటే మీరు కొన్నదాంట్లో పావు వంతు చక్కెరే. దీని బదులు చోళ్లు కొని మరపట్టించుకోండి. వంద గ్రాముల చోళ్లలో కాల్షియం సుమారు 350 మిల్లీగ్రాములు, బియ్యంలో పదికి అటూ ఇటూ. పిల్లలకి రొట్టో, అట్టో వేసి పెట్టొచ్చు. మీ మామగారికి షుగర్ ఉంటే మాత్రం పల్చటి అంబలి కంటే రొట్టె నయం, మెత్తటి పిండిని జావ కాస్తే అదీ షుగర్‌ని గబగబా పెంచుతుంది.

నూనె గురించి ఒక్క లెక్క. గానుగ నూనె మంచిదే, రుచీ బాగుంటుంది, అయినా గ్రాముకి 9 కేలరీలు దానికీ ఉంటాయి. పైన చెప్పిన సూచనల్లోనే నూనె, నెయ్యి అన్నీ కలిపి మనిషికి రోజుకి 27 గ్రాములు. ఆ లెక్కన అయిదుగురికి నెలకి నాలుగు కిలోలు. మీ ఇంట్లో ఎన్ని ప్యాకెట్లు ఖాళీ అవుతున్నాయో చూస్తే, ఏ నూనె అనే చర్చ కంటే ఎంత నూనె అనే చర్చ అవసరమని తెలుస్తుంది.

మనం విశాఖలో ఉండి చేపని మర్చిపోతే ఎలా? చేపలు తినే ఇల్లయితే ఆర్గానిక్ తేనె, ఆర్గానిక్ గింజల డబ్బుతో కానాగంతలు, కవళ్లు, నెత్తళ్లు లాంటి చిన్న చేపలు కొనండి. వంజరం, చందువా కంటే చవక, ఒమేగా 3 కొవ్వులు పుష్కలం, నెత్తళ్లయితే ముల్లుతో సహా తింటాం కాబట్టి కాల్షియం కూడా. మొప్ప ఎర్రగా ఉండాలి, కన్ను లోపలికి పోకూడదు, వేలితో నొక్కితే కండ తిరిగి పైకి రావాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం. ఆ రోజుల్లో పెద్ద సముద్రపు చేప కనిపిస్తే ఎక్కడి నుంచి వచ్చింది, ఎన్నాళ్లు ఐసులో ఉంది అని అడగండి. ఎండుచేపలు మంచివే, ఉప్పు ఎక్కువ, బీపీ ఉన్న అత్తగారికి వద్దు.

ఇక నేను ఇప్పటికీ డబ్బెక్కువ పెట్టేవి కొన్ని ఉన్నాయి. పసుపు పొడి కొనను, పాడేరు వైపు కొమ్ములు తెప్పించి మరపట్టిస్తాను, పొడిలో రంగు కలపడం తేలిక, కొమ్ములో కొంచెం కష్టం. చింతపండు, తేనె గిరిజన సహకార సంస్థ షాపులో తీసుకుంటాను. వేరుశనగలు ఏ షాపులో కొన్నా ఏరుతాను. ముడతలు పడినవి, బూజు వాసన వచ్చేవి పారేయాలి, ఆ బూజు విషం ఆర్గానిక్ గింజకీ పడుతుంది. కందిపప్పు మెరవనిదే కొంటాను. మామిడిపండ్లు, మన సువర్ణరేఖయినా సరే, పచ్చివి తెచ్చి ఇంట్లో గడ్డిలో మగ్గబెడతాం, కార్బైడ్ వేసి పండించారేమోనన్న భయం ఉండదు.

మీరు ఒకేసారి అన్నీ మార్చకండి, అత్తగారు ఒప్పుకోరు. ముందు బియ్యం, చక్కెర, బిస్కెట్లు, ఈ మూడింటికీ ఆర్గానిక్ ఆపేయండి. బిల్లులో పెద్ద ముక్క అక్కడే ఉంటుంది. పిల్లలు ఎక్కువగా తినే ద్రాక్షలాంటి తొక్కతో తినే పండుకి మాత్రం నమ్మకమైన చోట ముద్ర ఉన్నది దొరికితే కొనసాగించండి, దానికి పెట్టే డబ్బు దండగ కాదు.