సముద్రంలో శ్రీకృష్ణుడి ద్వారక నిజంగా దొరికిందా?

దొరికిందని ఇప్పుడే చెప్పలేం. గుజరాత్‌లోని ద్వారక తీరంలో 1983 నుంచి పురావస్తు శాస్త్రవేత్త ఎస్.ఆర్. రావు బృందం నీళ్లలో దిగి వెతికింది. చెక్కిన రాతి దిమ్మెలు, మూడు రంధ్రాల రాతి లంగర్లు చాలానే బయటపడ్డాయి. పై రంధ్రం తాడుకి, కింది రెండూ ఇసుకలో దిగబడే కర్రలకి. చిక్కంతా వయసు తేల్చడంలోనే. రాయికి కార్బన్ పరీక్ష పనిచేయదు. కర్రో, బొగ్గో, ఎముకో కావాలి. పైగా ఈ రకం లంగర్లను వందల ఏళ్లు వాడారు. అవి రేవు ఉందని చెబుతాయి, అది ఎవరి నగరమో చెప్పవు.

సముద్రం అడుగున పాత నగరం ఉందంటూ 2001లో వార్తల్లోకొచ్చిన ఖంభాత్ సింధుశాఖ గుజరాత్‌లోనే ఉన్నా వేరే చోటు, రెంటినీ కలపకండి. అక్కడి కర్రముక్క వయసు సుమారు 9,500 ఏళ్లని తేలింది. కానీ దాన్ని పొరలవారీగా తవ్వి తీయలేదు, సముద్రం అడుగు నుంచి గీకి తెచ్చారు. ఆ పోటుపాట్ల ఉరవడికి ఎక్కడి నుంచైనా కొట్టుకొచ్చి ఉండొచ్చు.