ఒక గ్రాము పెంకు పొడి

తిరుపతి

అమ్మాయీ, ఆశీస్సులు.

కుక్కకు ఇంట్లోనే ఏం వండి పెట్టాలని నువ్వు ఫోనులో అడిగినప్పుడే నాలుగు మాటల్లో చెప్పి ఉండవచ్చు గానీ, ఇది కొలతలతో పని ఉన్న సంగతి కనుక, వంటింటి గోడకు అంటించుకొనేందుకు వీలుగా కాగితం మీద పెడుతున్నాను. చిత్తూరులో మీ ఇంటికి చేరిన పొమరేనియన్ కుక్కకు రెండేళ్ళు నిండాయనీ, నాలుగు కిలోలు ఉందనీ, పిల్లలు పుట్టకుండా ఆపరేషను కూడా అయిందనీ చెప్పావు. ఈ మూడూ తెలుసుకోకుండా ఎవరు వంట చెప్పినా వినవద్దు. ఎదిగే పిల్లకు గానీ, మూత్రపిండాలు దెబ్బతిన్న ముసలిదానికి గానీ నేను కింద రాసిన కొలతలు పనికిరావు.

ముందు నా తప్పు చెప్పుకొంటాను. మా మొదటి కుక్కపిల్ల వచ్చిన కొత్తలో, వీధిలో అందరూ తమ కుక్కలకు పెరుగన్నం, బిస్కెట్లు పెట్టడం చూసి నవ్వుకొని, మాదానికి మాత్రం ఎముకలు లేని కోడిమాంసం, అన్నం మెత్తగా ఉడికించి రోజూ పెట్టాను. అంతకన్నా బలమైన తిండి ఏముంటుందని నా ధీమా. మూడు నెలలు గడిచాక అది మూరెడు ఎత్తున్న మంచం మీద నుంచి దూకి ముందుకాలు విరగ్గొట్టుకొంది. డాక్టరుగారు ఎక్స్‌రేను వెలుగుకు పెట్టి చూపించినప్పుడు, ఎముక ఎక్కడో, చుట్టూ ఉన్న కండ ఎక్కడో తేడా తెలియనంత మసకగా ఉంది. మాంసంలోనూ అన్నంలోనూ భాస్వరం ఉంటుంది గానీ కాల్షియం దాదాపు ఉండదు. రక్తంలో కాల్షియం తగ్గినప్పుడు శరీరం దాన్ని తన ఎముకల్లోనుంచే తీసుకొంటుంది. కడుపునిండా తింటూనే ఆ పిల్ల తన ఎముకలను తానే కరిగించుకొన్నదన్నమాట. కాలు అతుక్కొంది, కుంటు మాత్రం చివరిదాకా పోలేదు.

అందుచేత అన్నిటికన్నా ముందు గ్రాములు చూపించే చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనుక్కో. పప్పు, కూర కంటి అంచనాతో వండే చెయ్యి మనది. ఇంతమంది తినే ఇంట్లో ఒక గరిటె అటూ ఇటూ అయినా ఏమీ కాదు. నాలుగు కిలోల ప్రాణికి రోజు మొత్తానికి కావలసింది సుమారు 300 కేలరీలు మాత్రమే, కాబట్టి అక్కడ ఒక టీచెంచా నూనె ఎక్కువైనా అది రోజు తిండిలో ఎనిమిదో వంతు అవుతుంది.

ఇక రోజు కొలత. చర్మం, ఎముక తీసేసి ఉడికించిన కోడి రొమ్ము మాంసం 80 గ్రాములు, అన్నం 70 గ్రాములు, మెత్తగా ఉడికిన గుమ్మడికాయ, క్యారెట్, బీన్స్ కలిపి 40 గ్రాములు, ఒక టీచెంచా పొద్దుతిరుగుడు నూనె. ఇవన్నీ ఉడికిన తరువాత తూచిన బరువులని గుర్తుపెట్టుకో. పచ్చిమాంసమైతే ఇంచుమించు 110 గ్రాములు తీసుకొంటేనే ఉడికాక 80 గ్రాములు మిగులుతుంది. చాలామంది పొరపడేది ఇక్కడే. ఉప్పు, కారం, పోపు ఏవీ వద్దు. వారానికి రెండుసార్లు బొటనవేలి కొసంత కోడి కార్జం మాంసంలో కలుపు. అంతకు మించితే విటమిన్ ఎ ఒంట్లో పేరుకుపోతుంది. ఒకపూట మాంసం తగ్గించి ఉడికిన కోడిగుడ్డు పెట్టినా, మరొకపూట ముళ్ళు తీసిన కవళ్ళు (సార్డీన్ చేపలు) పెట్టినా మంచిదే. ఈ మొత్తాన్ని రెండు పూటలకు పంచు.

దీనికి ఒక గ్రాము కోడిగుడ్డు పెంకు పొడి చేరాలి. పావు టీచెంచాకు కాస్త తక్కువగా వస్తుంది. అందులో దాదాపు 380 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పెంకులను కడిగి, పది నిమిషాలు నీళ్ళలో మరిగించి, తడి లేకుండా ఎండబెట్టి, మిక్సీలో వేసి, వేళ్ళ మధ్య నలిపితే ముగ్గుపిండిలా జారేంత మెత్తగా పట్టుకోవాలి. గరుకు తగిలితే మళ్ళీ తిప్పు. ఒక పెంకు నుంచి అయిదు రోజులకు సరిపడా పొడి వస్తుంది. డబ్బా మీద పేరు రాయడం మరచిపోవద్దు, ఎందుకంటే మీ నాన్న మా ఇంటికి వచ్చినప్పుడు దాన్ని పాలపొడి అనుకొని కాఫీలో కలుపుకొన్న ఘనత ఉంది.

రాగిసంగటి పెడితే సరిపోదా అని మీ అత్తగారు అన్నారని చెప్పావు. రాగుల్లో కాల్షియం ఉన్న మాట నిజమే: నూరు గ్రాముల పిండిలో 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. కానీ కేలరీల లెక్కన ఆ నూరు గ్రాముల పిండే ఈ కుక్కకు రోజు మొత్తం ఆహారం కన్నా ఎక్కువ. ఇక మాంసానికి చోటెక్కడ? ఉప్పు లేని సంగటిని అన్నానికి బదులు పెట్టమను, పెంకు పొడికి బదులుగా మాత్రం కాదు.

ఇంత చేసినా జింకు, అయోడిన్, విటమిన్ డి, విటమిన్ ఇ వంటివి ఈ గిన్నెలో తక్కువపడతాయి. కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయ పశువైద్య పరిశోధకులు 2013లో కుక్కల ఇంటివంటలు 200 పరిశీలిస్తే, నూటికి తొంభై అయిదింటిలో ఏదో ఒక అవసరమైన పోషకం చాలలేదు. వాటిలో పశువైద్యులు రాసినవి కూడా ఉన్నాయి. కనుక ఈ కాగితాన్ని డాక్టరుకు చూపించి, ఇంటివంటకు తగిన విటమిన్, ఖనిజాల పొడిని ఆయన చేతనే రాయించుకో. ఆ పొడిలో ఇప్పటికే కాల్షియం ఉంటే, పెంకు పొడి ఎంత తగ్గించాలో కూడా అక్కడే అడుగు. మనుషుల మాత్రలు మాత్రం వద్దు.

మన పళ్ళెంలోది దాని గిన్నెలోకి పోకూడదు. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కల రక్తంలోని ఎర్రకణాలను పగలగొడతాయి. ఉడికినా, వేయించినా, పొడి చేసినా ఆ గుణం పోదు. చింతపండు సంగతి ఈ మధ్యనే తెలిసింది: ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండాలను దెబ్బతీయడానికి వాటిలోని టార్టారిక్ ఆమ్లమే కారణమని ఇప్పుడు వైద్యులు భావిస్తున్నారు, ఆ ఆమ్లం చింతపండులో ఇంకా దండిగా ఉంటుంది. మన సాంబారు, చారు, పులుసు, పులిహోర అన్నీ ఆ ఖాతాలోకే పోతాయి. కొండ మీది లడ్డూ కూడా అంతే. ప్రసాదం కదా అని చిటికెడు పెట్టేవాళ్ళు మన ఊళ్ళో లెక్కలేనంతమంది. అందులో ఎండుద్రాక్ష ఉంటుంది, నెయ్యి ఉంటుంది, అంత నెయ్యి ఒక్కసారిగా లోపలికి పోతే ఇంత చిన్న కుక్కకు క్లోమం వాచే ప్రమాదం ఉంది. చాక్లెట్, జైలిటాల్ (చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం) ఉన్న చక్కెరలేని మిఠాయిలు ఇంట్లో అందే చోట ఉంచవద్దు. ఉడికిన కోడి ఎముక సూదిలా చీలుతుంది, పెట్టనే వద్దు. ముచ్చటకు ఏమైనా పెట్టాలనిపిస్తే టెంక తీసిన మామిడిముక్క, చట్నీ లేని ఇడ్లీ తునక చాలు. ఇలాంటివన్నీ కలిపి రోజుకు 30 కేలరీలు దాటనివ్వకు.

వెంకన్న నెలగా పాటించే పెరటాసిలో (సెప్టెంబరు–అక్టోబరు) ఇంట్లో మాంసం వండరని తెలుసు. నా మట్టుకు నేను చెప్పేది, ఆ నెలంతా పప్పన్నంతో నెట్టుకురావద్దని. ఎదిగిన కుక్కలకు సంపూర్ణాహారమని స్పష్టంగా రాసి ఉన్న పొట్లం కొని, వారం రోజుల పాటు పాతదానిలో కొద్దికొద్దిగా కలుపుతూ మార్చు, నెల ముగిశాక అదే విధంగా వెనక్కి రా. పొట్లం తిండి తినే రోజుల్లో పెంకు పొడి వేయకూడదు. ఇంటివంటే గొప్పదని పంతం పట్టేవాళ్ళు ఉన్నారు గానీ, తూచి వండే తీరిక లేని ఇంటికి ఆ పొట్లమే మేలని నా అభిప్రాయం.

మూడు రోజులకు సరిపడా ఒకేసారి వండి, పూటపూటకూ వేరు డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టు. మన ఎండల్లో గిన్నెలో మిగిలినది అరగంటకు మించి ఉంచకుండా తీసేయి. ప్రతి ఆదివారం దాన్ని ఎత్తుకొని బరువు చూసే మిషను మీద నిలబడి, నీ బరువు తీసేసి, మిగిలినది రాసిపెట్టు. పక్కటెముకలు బొచ్చు కింద వేళ్ళకు తేలికగా తగులుతూ ఉండాలి. వెతుక్కోవలసి వస్తే అన్నం పది గ్రాములు తగ్గించు.

ఉగాదికి వచ్చేటప్పుడు దాన్నీ, ఆ బరువుల కాగితాన్నీ తీసుకురా. 1955 నుంచి నడుస్తున్న పశువైద్య కళాశాల మన ఊళ్ళోనే ఉంది కదా, అక్కడి ఆసుపత్రిలో ఒకసారి రక్తపరీక్ష చేయిద్దాం.

ఇట్లు,
మీ అత్త