మీరు వెతుకుతున్న డచ్చి సినిమా ఇదే

సుమతి గారూ, పెళ్లి కోసం విమానంలో న్యూజిలాండ్ వెళ్లే డచ్చి యువతుల సినిమా పేరేమిటని, అందులోని విమాన పందెం నిజమేనా అని అడిగారు. అది 2008లో బెన్ సోంబోగార్ట్ తీసిన ‘బ్రైడ్ ఫ్లైట్’. పందెం నిజంగా జరిగింది. 1953 అక్టోబరులో లండన్ నుంచి న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ వరకు! వలస వెళ్లేవారిని ఎక్కించుకున్న కేఎల్‌ఎం (డచ్చి విమాన సంస్థ) వారి డీసీ-6 విమానం హ్యాండీక్యాప్ విభాగంలో, అంటే విమానాల సామర్థ్యాన్ని బట్టి లెక్క సరిచేసి విజేతను తేల్చే విభాగంలో, గెలిచింది. అందులో కాబోయే పెళ్లికూతుళ్లూ ఉన్నారు. సినిమాలోని ప్రేమకథ మాత్రం కల్పితం. మళ్లీ చూస్తే ఎస్తర్‌ను గమనించండి. యుద్ధంలో తనవాళ్లను పోగొట్టుకున్న యూదు యువతి ఆమె. నా దృష్టిలో ఈ కథకు ప్రాణం ఆ పాత్రే. వయసు మళ్లిన కథానాయకుడు ఫ్రాంక్‌గా కనిపించేది రట్గర్ హావర్.