హిందువుల ఇంట్లో ముస్లింలు భోజనం చేయొచ్చా?

చేయొచ్చు, వండింది వేరే మతం వాళ్లన్న కారణంతో ఆ భోజనం నిషిద్ధం కాదు. పట్టింపంతా పదార్థం మీదే: మాంసమైతే అల్లా పేరు చెప్పి జబా చేసింది (ఇస్లాం పద్ధతిలో కోసింది) కావాలి, పంది మాంసం, మద్యం కూడదు, దేవుడికి నైవేద్యం పెట్టిన ప్రసాదం కూడా ఎక్కువమంది ఇస్లాం పండితులు వద్దంటారు. చేపకు జబా అక్కర్లేదు. అందుకే నెల్లూరులో పక్కింటివాళ్లు చేపల పులుసు పెడితే నిశ్చింతగా తినొచ్చు, అదే ఇంట్లో కోడికూరైతే మాత్రం ఎక్కడ కోయించారని అడుగుతారు (చాలా కొట్లలో కోసేది ముస్లింలే కాబట్టి ఆ పేచీ కూడా తక్కువే).

ప్రసాదం తీసుకోకపోతే మనల్ని చిన్నచూపు చూశారని చాలామంది నొచ్చుకుంటారు, అది అపార్థం. పొరుగువాళ్లు ఏ మతమైనా మంచిగా మెలగమనే ఇస్లాం చెబుతుంది. ప్రసాదం వద్దన్న మనిషే మనింటి పెళ్లికొచ్చి పప్పన్నం తిని వెళ్తారు.