బోటు చూపించాలి సరే, డిక్కీ కూడా తెరవాలా?

ప్రశ్న: సార్, మేం అమెరికాలో యూటాలో ఉంటాం. పోయిన నెల కారు వెనక ట్రైలర్ మీద బోటు పెట్టుకుని ఐడహో వెళ్తుంటే హైవే పక్కన తనిఖీ కేంద్రంలో ఆపారు. బోటంతా చూశారు, బాగానే ఉంది. ఈలోగా వైల్డ్‌లైఫ్ ఆఫీసర్ ఒకాయన వచ్చి "డిక్కీ కూడా ఒకసారి చూడొచ్చా?" అన్నాడు. టెన్షన్‌లో తెరిచేశాను. ఏమీ దొరకలేదు గానీ, అసలు ఆగకుండా వెళ్లిపోవాల్సింది అని మా ఫ్రెండ్ ఒకటే పోరు. వీసా మీద ఉన్నవాళ్లం, మా హక్కులేంటి?

జవాబు: మీ ఫ్రెండ్ మాట వినుంటే ఇరుక్కునేవారు. ఐడహో, మోంటానాల్లో బోటు తీసుకెళ్లేవాళ్లు తెరిచి ఉన్న తనిఖీ కేంద్రం కనబడితే ఆగి తీరాలి, కారు పైన కట్టిన కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) అయినా సరే. ఆగకపోతే వెనకే పోలీసు కారు వస్తుంది.

ఇంత హడావుడి దేనికంటే క్వాగా, జీబ్రా అనే చిన్న ఆల్చిప్పల కోసం. జీబ్రా రకం 1988లో గ్రేట్ లేక్స్ ప్రాంతంలో బయటపడింది, క్వాగా 2007లో నెవాడా, అరిజోనాల సరిహద్దులోని లేక్ మీడ్ అనే జలాశయంలో బయటపడింది. పిల్లదశలో కంటికి కనబడవు, బోటు అడుగున మిగిలిన కాసిని నీళ్లలో కూర్చుని ఇంకో సరస్సుకి వెళ్లిపోతాయి, అక్కడ పెరిగి నీటి పైపుల్ని పూడ్చేస్తాయి. అందుకే డ్రెయిన్ ప్లగ్ (బోటులో నీళ్లు బయటికి పోయే కన్నానికి పెట్టే బిరడా) తీశారా, లైవ్‌వెల్ (పట్టిన చేపల్ని బతికించి ఉంచే తొట్టి) ఖాళీగా ఉందా, మోటార్‌లో నీళ్లున్నాయా అని చూస్తారు. అనుమానమొస్తే 140 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి నీళ్లతో కడుగుతారు. నీళ్లు నిలిచే చోటేదైనా చూడనివ్వండి, అక్కడ వాదన అనవసరం.

డిక్కీలో ఆల్చిప్పలు ఈదవు కదా! అక్కడ కారణం లేని సోదాల నుంచి కాపాడే అమెరికా నాలుగో రాజ్యాంగ సవరణ మీకు అండ, వీసా మీద ఉన్నా సరే. మామూలు నేరాలు పట్టుకోడానికి అందరి కార్లూ ఆపే చెక్‌పోస్టులు చెల్లవని అమెరికా సుప్రీంకోర్టు 2000లో చెప్పింది. ట్రాఫిక్ స్టాప్‌లో పని అయిపోయాక సరైన అనుమానం లేకుండా ఇంకా నిలబెట్టకూడదని 2015లో చెప్పింది. చిక్కల్లా 1973 నాటి తీర్పుతో: "వద్దనే హక్కు మీకుంది" అని ఆఫీసర్ చెప్పక్కర్లేదు. ఆయన "చూడొచ్చా" అన్నాడు, మీరు సరే అన్నారు, కథ అక్కడితో అయిపోయింది.

ఈసారి నెమ్మదిగా "ఇది ఆర్డరా, లేక అడుగుతున్నారా?" అనండి. అడుగుతున్నానంటే "సెర్చ్‌కి నేను ఒప్పుకోవడం లేదండీ" అంటే చాలు, కారణం చెప్పక్కర్లేదు, వద్దన్నందుకే మిమ్మల్ని అనుమానించకూడదు. ఆర్డర్ అంటే మాత్రం అదే మాట ఇంకోసారి చెప్పి పక్కకి తప్పుకోండి. అడ్డం నిలబడితే అదో కొత్త కేసు. తేల్చుకోవాల్సింది కోర్టులో, రోడ్డు మీద కాదు.

చేపలు పట్టి వస్తుంటే లెక్క మారుతుంది. మీరు అప్పుడే చేపలు పట్టారని నమ్మే కారణం ఉంటే, తప్పు చేశారన్న అనుమానం లేకపోయినా, వార్డెన్ (వేట, చేపల నిబంధనలు చూసే ఆఫీసర్) కారు ఆపి పట్టినవి చూపించమనొచ్చని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2011లో తేల్చింది. మిన్నెసోటా సుప్రీంకోర్టు మాత్రం 2002లో, గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టుకోడానికి వేసుకున్న గుడిసెలోకి ఊరికే దూరకూడదంది. రాష్ట్రాన్ని బట్టి మారుతుంది కాబట్టి వెళ్లేముందు అక్కడి నిబంధనలు చదువుకోండి. కూలర్ నిండా చేపలు పెట్టుకుని "గాలం వెయ్యలేదండీ" అని మాత్రం అనకండి. నోరు మూసుకునే హక్కుంది, అబద్ధం ఆడే హక్కు లేదు, వీసా ఉన్నవాళ్లకి అది మరీ ప్రమాదం.

అన్నట్టు, తనిఖీ అయ్యాక ఇచ్చే రసీదు పారేయకండి, తర్వాతి కేంద్రంలో పని తొందరగా అవుతుంది.