ల్యాబ్‌లో ఎర్రచందనం తయారుచేస్తే శేషాచలం అడవి బతుకుతుందా?

సింథటిక్ బయాలజీతో, అంటే జీవుల జన్యువులు మార్చి మనకు కావాల్సిన పదార్థాన్ని వాటితో చేయించే పద్ధతితో, ఎర్రచందనం లాంటిది ల్యాబ్‌లోనే తయారైతే స్మగ్లింగ్ ఆగిపోతుంది కదా, అడవి మిగులుతుంది కదా అని అడిగారు. ఆగదనే నా అభిప్రాయం. తిరుపతిలో బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ చేసేటప్పుడు నేనూ మీలాగే అనుకున్నాను, దీని మీద సెమినార్ కూడా ఇచ్చాను. మా చేలో దొంగలు పడ్డాక ఆ నమ్మకం పోయింది.

చంద్రగిరి దగ్గర కొండ కింద మాకు ఎకరంన్నర ఉంది. వేరుశనగ కలిసిరాక మా నాయన అందులో ఎర్రచందనం పెట్టాడు. పదిహేనేళ్లకు బెరడు మొసలి తోలులా నెర్రెలిచ్చి, చూడటానికి అచ్చం అడవి చెట్లలాగే ఉండేవి. ఒక రాత్రి నాలుగు చెట్లు కోసేశారు. తెల్లారి పోయి చూస్తే దుంగలన్నీ అక్కడే పడున్నాయి, ఒక్కటీ ఎత్తుకుపోలేదు! కోసినచోట చుట్టూ తెల్లచెక్క, నట్టనడుమ బొటనవేలంత ఎరుపు. "చేవ పట్టలేదురా, అందుకే ఇడిసిపెట్టి పోయినారు" అన్నాడు నాయన. దొంగలు కూడా వద్దన్న సరుకని ఊళ్లో ఇప్పటికీ ఆటపట్టిస్తారు.

చైనాలో ఫర్నిచర్‌కి, జపాన్‌లో షామిసెన్ అనే తీగవాద్యానికి కొనేవాళ్లకు కావాల్సింది ఆ చేవే, అంటే నడుమ ముదిరిన ఎర్ర చెక్కే. దాని ఎరుపుకు కారణం శాంటలిన్ అనే పదార్థం. రేపు ఎవరో దాన్ని ఈస్ట్‌తో చేయించారే అనుకోండి, మన చేతికొచ్చేది రంగు పొడి, దుంగ కాదు.

అలాగని ఈ టెక్నాలజీ దండగ అనను. అమెరికా తూర్పు తీరంలో గుర్రపునాడా పీతలను పట్టి, కొంత నీలి రక్తం తీసి మళ్లీ సముద్రంలో వదులుతారు, ఇంజెక్షన్లలో బ్యాక్టీరియా విషం ఉందేమో చూసే పరీక్ష కోసం. వదిలినవాటిలో కొన్ని చచ్చిపోతాయి. ఆ రక్తంలో పనిచేసే ఫ్యాక్టర్ సి అనే ప్రోటీన్‌ను సింగపూర్ శాస్త్రవేత్తలు జన్యువు ద్వారా వేరే కణాల్లో తయారుచేయించారు. మందుల కంపెనీకి పరీక్ష జరిగితే చాలు, పీతే కావాలన్న పట్టుదల ఎవరికీ లేదు. ఇలాంటి చోట నేను కళ్లు మూసుకుని సరేనంటాను.

ఖడ్గమృగం కొమ్ము విషయంలో అలా కుదర్లేదు. వేట తగ్గుతుందంటూ కొమ్మును ల్యాబ్‌లో చేసి మార్కెట్లోకి వదులుతామని 2015 ప్రాంతంలో అమెరికాలో ఒక స్టార్టప్ బయల్దేరితే, వన్యప్రాణి సంఘాలే ఎదురుతిరిగాయి. అసలూ నకిలీ కలిసిపోతే చెక్‌పోస్టులో ఉన్నవాడు దేన్ని పట్టుకోవాలి, దేన్ని వదలాలి? ఈ గొడవ మాకు ల్యాబ్ రాకముందే తెలుసు. అంతరించే ప్రమాదమున్న జీవుల, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఎర్రచందనం 1995 నుంచి ఉంది, పట్టా భూమిలో పెంచినా పర్మిషన్ లేకుండా కొట్టకూడదు, తరలించకూడదు. మా చేలో, మా చెట్లను, ఎవరో కోసి పడేసిన దుంగలు అడవివి కావని నిరూపించుకోవడానికి నాయన ఒక ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగాడో లెక్కలేదు. వెళ్లిన ప్రతిసారీ కొత్త కాగితం అడిగేవాళ్లు. వీటికి ల్యాబ్ చెక్క కూడా తోడైతే నిజంగా ఆనందించేది స్మగ్లర్లే.

ఇక జన్యువులు మార్చిన మొక్కల్ని అడవిలోకే వదలడం. అమెరికాలో తెగులుకి కోట్లకొద్దీ చెస్ట్‌నట్ చెట్లు పోతే, గోధుమ జన్యువు ఒకటి పెట్టి తట్టుకునే రకం తయారుచేశారు. ఏళ్ల తరబడి పరీక్షించాక, 2023 డిసెంబరులో దాన్ని వెనకేసుకొచ్చిన సంస్థే తప్పుకుంది. డార్లింగ్ 58 అనే రకం అనుకుని పెంచినవి డార్లింగ్ 54 అనే వేరే రకం అట! ఎమ్మెస్సీలో నేనూ ట్యూబుల మీద లేబుళ్లు తారుమారు చేశాను, కాకపోతే నాకు పోయింది రెండు వారాలే. చెట్ల విషయంలో తప్పు బయటపడేసరికే ఏళ్లు గడిచిపోతాయి. అందుకే చెట్ల దగ్గర తొందరపడేవాళ్లని నేను నమ్మను.

మా మొద్దుల్లో మూడింటికి పిలకలొచ్చాయి. దుంగలకు మాత్రం ఇంకా కాగితం రాలేదు, చేలోనే ఉన్నాయి. తెల్లచెక్కంతా చెదలు తినేశాయి, నడుమ ఎర్ర పుల్ల మాత్రం అలాగే ఉంది.